రెండో ఆపరేషన్ తర్వాత రెండు రూపాయల వడ్డీ ఎందుకు?

ప్రశ్న: మావారికి హైదరాబాద్‌లో వెన్నెముక ఆపరేషన్ అయింది. మూడు వారాలకు కుట్ల దగ్గర చీము పట్టడంతో మళ్లీ చేర్చుకుని శుభ్రం చేశారు. ఇప్పుడు ఇంట్లోనే ఆరు వారాల ఇంజెక్షన్లు, ఫిజియోథెరపీ. అయిదు లక్షల ఆరోగ్య బీమాలో రెండుసార్లకు కలిపి 4.20 లక్షలు వచ్చాయి. ప్రైవేటు ఉద్యోగం కావడంతో జీతం ఆగింది. పరకాలలో తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు ఇస్తామంటున్నారు. పాప చదువుకని దాచిన మూడు లక్షల ఎఫ్‌డీ తప్ప ఏమీ లేదు. అప్పు తీసుకోమంటారా?
- ఒక సోదరి, హనుమకొండ

జవాబు: వద్దమ్మా. రెండు లక్షలకు నెలకు నాలుగు వేలు, ఏడాదికి 48 వేలు వడ్డీకే పోతాయి. జీతం రాని ఇంట్లో ఆ నాలుగు వేలకూ మళ్లీ చేయి చాపాల్సిందే.

మీ పాలసీలో ఇంకా 80 వేలు ఉన్నాయి. ఆస్పత్రి బిల్లు కట్టగానే బీమా పని అయిపోయిందనుకోవద్దు. డిశ్చార్జి తర్వాత అదే జబ్బుకు అయ్యే మందులు, పరీక్షలు, డాక్టరు ఫీజు చాలా పాలసీల్లో 60 రోజుల వరకు, కొన్నింటిలో 90 లేదా 180 రోజుల వరకు ఇస్తారు. డాక్టరు రాసిస్తే ఫిజియోథెరపీకీ సాధారణంగా వస్తుంది. రెండో డిశ్చార్జి తేదీ నుంచి లెక్క చూసుకోండి.

చిక్కంతా కాగితాల దగ్గరే. మందుల షాపులో పేరు అడగకుండా 'క్యాష్' అని బిల్లు కొట్టేస్తారు. పట్టుబట్టి మీవారి పేరు రాయించండి. ప్రతి బిల్లుకూ డాక్టరు రాసిన మందుల చీటీ పిన్ను చేయండి. ఫిజియోథెరపిస్టు తెల్లకాగితం మీద అంకె వేసిస్తే చెల్లదు, రసీదు కావాలి. హైదరాబాద్ వెళ్లొచ్చే కారు కిరాయి మాత్రం బీమాలో రాదు. కట్టు మార్చడం, రక్తపరీక్షలు వరంగల్‌లోనే చేయించవచ్చేమో సర్జన్‌ను అడగండి. అయితే జ్వరం, చీము కనిపించినా, కాళ్లు బలహీనపడినా, మూత్రం పట్టుతప్పినా డబ్బు చూసుకోకుండా ఆ రాత్రే బయల్దేరండి.

అయిపోయిన మొత్తాన్ని మళ్లీ నింపే 'రీస్టోర్' సౌకర్యం మీ పాలసీలో ఉందనుకుని ధీమాగా ఉండవద్దు. చివరిసారి ఆస్పత్రిలో చూపించుకున్న 45 రోజుల్లోపు తిరగబెడితే అదే జబ్బు కింద లెక్క. కొన్ని పాలసీలు అదే జబ్బుకు రీస్టోర్ ఇవ్వవు.

ఇల్లు గడవడానికి ముందు మీవారి పీఎఫ్ చూడండి. జబ్బు కారణంగా అడ్వాన్సు తీసుకోవచ్చు. వడ్డీ లేదు, తిరిగి కట్టే పనీ లేదు. రిటైర్మెంటు డబ్బు తరుగుతుంది, నిజమే; కానీ ఇలాంటి రోజు కోసమే ఆ వెసులుబాటు పెట్టారు. చాలకపోతే ఎఫ్‌డీని విరవకుండా దాని మీద బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీ హామీగా ఇచ్చే అప్పు) అడగండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ మీద ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, అదీ వాడుకున్నంతకే. పాప డబ్బు పాపకే ఉంటుంది. ఖర్చులకు భయపడి మీవారిని తొందరగా డ్యూటీకి మాత్రం పంపకండి.

పాలసీ గడువు తేదీ మీరు రాయలేదు. ఈరోజే చూడండి. గడువు దాటకుండా కడితే కొత్త ఏడాదికి మళ్లీ అయిదు లక్షలు అందుబాటులోకి వస్తాయి. క్లెయిమ్ చేశారన్న కారణంతో కంపెనీ రెన్యువల్ కాదనడానికి లేదు.