సున్నాతో భాగిస్తే జవాబు సున్నానా, అనంతమా, అసలు భాగించనే కూడదా?

సున్నాతో భాగిస్తే కాలిక్యులేటర్ ‘ఎర్రర్’ అని చూపిస్తోందనీ, తెలిసినవారు కొందరు జవాబు సున్నా అనీ మరికొందరు అనంతమనీ అంటున్నారనీ, ఏది నిజమో చెప్పమనీ మీరు అడిగారు. శ్రీకాకుళం జిల్లాలో పలాస వైపు ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే నాకు, అకరణీయ సంఖ్యల (భిన్నంగా రాయగల సంఖ్యల) పాఠం మొదలుపెట్టగానే ఏటా ఈ ప్రశ్న ఎదురవుతుంది. మనం రోజూ వాడే సంఖ్యలలో సున్నాతో భాగించడం కుదరదు. అది ఎవరో పెట్టిన నిషేధం కాదు.

12ను 3తో భాగిస్తే 4 అంటున్నామంటే, 3ను 4తో గుణిస్తే 12 వస్తుందని అర్థం. అదే విధంగా 12ను 0తో భాగించగా ఏదో ఒక సంఖ్య వచ్చిందనుకుంటే, దానిని 0తో గుణించినప్పుడు 12 రావాలి. దేనిని 0తో గుణించినా 0యే వస్తుంది గనుక అటువంటి సంఖ్య లేనే లేదు. 0ను 0తో భాగించేటప్పటి చిక్కు వేరు. అక్కడ 5 అన్నా సరిపోతుంది, 700 అన్నా సరిపోతుంది. మొదటిదానికి జవాబు లేదు, రెండవదానికి జవాబులు మితిమీరి ఉన్నాయి. పిల్లలు మాత్రం రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు.

ఈ రెండవ చిక్కు నాకు హాజరు పట్టికలో కూడా ఎదురైంది. పనుల కోసం వలస వెళ్లినవారి పిల్లలు ఉండే హాస్టల్ హాజరు శాతాన్ని నెలనెలా ఎక్సెల్‌లో వేసేవాళ్లం. తల్లిదండ్రులు ఊరికి తిరిగివచ్చిన ఒక నెలలో హాస్టల్‌లో ఒక్క పేరూ లేకపోవడంతో, ఆ గడిలో ‘#డివ్/0!’ అని, అంటే సున్నాతో భాగించారనే తప్పు గుర్తు, పడింది. ఆ ఒక్క గడి వల్ల అడుగున ఉన్న సంవత్సరపు సగటు కూడా అదే చూపించింది. “సున్నా వేసేయండి మాస్టారూ, గొడవ వదిలిపోతుంది” అన్నారు పక్కనున్న సహోపాధ్యాయుడు. సున్నా వేస్తే పేరున్న పిల్లలంతా రాలేదని, నూరు వేస్తే ఒక్కరూ మానలేదని అర్థం వస్తుంది. అక్కడ జరిగింది ఆ రెండూ కాదు. గడిని ఖాళీగా వదిలేశాం. ఎక్సెల్ సగటు కట్టేటప్పుడు ఖాళీ గడులను లెక్కలోకి తీసుకోదు కాబట్టి మిగిలిన నెలల సగటు సరిగ్గానే వచ్చింది.

అనంతం అనేవారి మాటలో కొంత పస ఉంది. 1ని 0.1తో భాగిస్తే 10, 0.01తో భాగిస్తే 100, 0.001తో భాగిస్తే 1000 వస్తాయి. కాని అదే 1ని −0.001తో భాగిస్తే −1000 వస్తుంది. అంటే సున్నాను కుడివైపు నుంచి సమీపిస్తే ఫలితం ఎంతకైనా పెరుగుతూ, ఎడమవైపు నుంచి సమీపిస్తే ఎంతకైనా తగ్గుతూ పోతుంది. పైగా అనంతం వాస్తవ సంఖ్య కాదు. కంప్యూటర్లలో దశాంశ సంఖ్యల లెక్కలకు 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం 1/0కు అనంతమనే గుర్తును ఇస్తుంది, 0/0కు మాత్రం ‘సంఖ్య కాదు’ అనే గుర్తునే ఇస్తుంది.

మన పూర్వ గణితజ్ఞులూ దీనితో కుస్తీ పట్టినవారే. 628లో బ్రహ్మగుప్తుడు 0/0ను 0 అన్నాడు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు (పావులూరి మల్లన తెలుగు చేసినది ఈయన గణిత గ్రంథాన్నే) సున్నాతో భాగించిన సంఖ్య మారదన్నాడు; అది నిజమైతే 12ను 0తో గుణించినా 12 రావాలి. పన్నెండవ శతాబ్దిలో రెండవ భాస్కరుడు సున్నాతో భాగించగా వచ్చేదానిని ఖహరమని (సున్నా హారంగా గలదని) పిలిచి, ఎంత కలిపినా ఎంత తీసినా మారని రాశి అన్నాడు. ముగ్గురిలో నాకు నచ్చినది ఇదే, అయినా ఆ రాశిని తిరిగి 0తో గుణిస్తే 12 రావాలో 7 రావాలో తేలదు.

పరీక్షలో 7/0 విలువ అడిగితే ‘నిర్వచితం కాదు’ అని రాయండి. అంతకంటే జాగ్రత్త పడవలసినది కంటికి కనబడని సున్నా దగ్గర. ఏ సంఖ్య వర్గం ఆ సంఖ్యకు 5 రెట్లు అవుతుందని పదో తరగతిలో అడిగితే, చాలామంది రెండు వైపులా తెలియని రాశిని కొట్టివేసి 5 అని ఒక్క జవాబే రాస్తారు. ఆ రాశి 0 కూడా కావచ్చు గనుక, కొట్టివేతతో రెండవ జవాబు కూడా కొట్టుకుపోతుంది.