రాగం కింద కార్డులు: ఇళయరాజా సంగీతంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఇళయరాజా ముందు కర్ణాటక సంగీతం నేర్చుకుని, తర్వాత పాశ్చాత్యం వైపు వెళ్లారా? (తెనాలి)

జవాబు: వరుస తిరగేయండి. 1943లో తమిళనాడులోని పణ్ణైపురంలో పుట్టిన ఆయనకు మొదటి బడి అన్నగారు పావలర్ వరదరాజన్ బృందం. ఊరూరా కమ్యూనిస్టు సభల్లో పాడే ఆ బృందంలో హార్మోనియం వాయించారు. జానపదం ఒంటబట్టింది అక్కడే. మద్రాసు వచ్చాక ధన్‌రాజ్ మాస్టారి దగ్గర స్టాఫ్ నొటేషన్ (గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య లిపి), హార్మనీ (స్వరాలను కలిపి వినిపించడం), కౌంటర్‌పాయింట్ (ఒకేసారి రెండు మూడు వరుసలు నడపడం) నేర్చుకున్నారు. లండన్ ట్రినిటీ కాలేజీ వారి క్లాసికల్ గిటారు పరీక్షలు కూడా రాశారు. టి.వి.గోపాలకృష్ణన్ దగ్గర కర్ణాటకం నేర్చుకోవడం ఆ తర్వాతి మాట.

మధ్యలో అందరూ మరిచిపోయే పేరు సంగీత దర్శకుడు జి.కె.వెంకటేశ్. మన 'మ్రోగింది వీణ' పాట ఆయన కట్టిన వరుసే. ఆయన కన్నడంలో ఎక్కువ సినిమాలు చేస్తున్న రోజుల్లో ఇళయరాజా సహాయకుడిగా ఉన్నారు. వరుస ఒకరిది అయినప్పుడు దానికి వాద్యాల భాగాలు రాసి, ఆర్కెస్ట్రా చేత వాయింపజేయడం సహాయకుడి పని. 1976లో 'అన్నక్కిళి' సినిమాతో సొంతంగా మొదలుపెట్టేనాటికి ఇళయరాజా చెయ్యి తిరిగి ఉండటానికి కారణం, నా లెక్కలో, అన్నిటికన్నా ఈ చాకిరీయే.

ప్రశ్న: కీబోర్డు నేర్చుకుంటున్నాను. మోహన రాగంలో పాటకి సి, ఎఫ్, జి కార్డులు వేస్తే మా మాస్టారు "రాగం చెడింది" అంటున్నారు. ఇళయరాజా పాటల్లో ఎందుకు చెడదు? (ఖమ్మం)

జవాబు: మీ మాస్టారు చెప్పింది నిజం. కార్డు అంటే ఒకేసారి నొక్కే మూడు నాలుగు స్వరాలు. 'సి' మెట్టును షడ్జం (స) చేసుకుంటే మోహనంలో ఉన్నవి సి, డి, ఇ, జి, ఎ. అంటే స రి గ ప ద. మధ్యమం (మ), నిషాదం (ని) లేవు. మీరు వేసిన ఎఫ్ మేజర్‌లో మధ్యమం ఉంది, జి మేజర్‌లో నిషాదం ఉంది. గొంతు దాటిపోయిన స్వరాన్ని చెయ్యి తెచ్చి పెడుతోంది. రాగంలోంచే పుట్టే పూర్తి కార్డులు రెండే: సి మేజర్ (స గ ప), ఎ మైనర్ (ద స గ). పాటంతా ఆ రెండిటితోనే లాగితే రాగం నిలుస్తుంది గానీ పాట కదలదు.

ఏడు స్వరాలూ ఉండే సంపూర్ణ రాగమైతే చిక్కు ఇంకో రకం. కల్యాణిలో ఏడు స్వరాలూ ఉన్నాయి కదా అని డి మేజర్ (రి మ ద) వేసి, వెంటనే జి మేజర్ (ప ని రి) వేసి చూడండి. చెవి పంచమాన్ని (ప) షడ్జం అనుకుంటుంది. కల్యాణిని పంచమం నుంచి పాడితే వచ్చేది శంకరాభరణమే కాబట్టి, పాట అటే జారుతుంది. డి మేజర్‌కి 'సి' కూడా కలిపి నాలుగు స్వరాల సెవెన్త్ కార్డు చేశారో, మీ షడ్జమే నిషాదంలోకి దిగడానికి సిద్ధమవుతుంది. ఆ కార్డుల వరుస జోలికి వెళ్లకండి, లేదంటే బేస్‌లో షడ్జాన్ని కదలనివ్వకండి.

ఇళయరాజా చాలాచోట్ల చేసేది కార్డులు పేర్చడం కాదు, అదే రాగంలో రెండో వరుస రాయడం. బేస్ గిటారు ఒక పాట పాడుతుంది, వయొలిన్లు ఇంకో పాట పాడతాయి, గాయకుడు అసలు పాట పాడతాడు. ఒక్కో వరుసను విడిగా విన్నా పాడుకునేలా ఉంటుంది. అలాగని ఆయన అన్యస్వరం (రాగంలో లేని స్వరం) ముట్టుకోరని కాదు. కావాలనుకున్నచోట వేస్తారు, అది పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాద్యాల భాగం, ఇంటర్లూడ్‌లోనే ఎక్కువ.

సాధన ఇలా చేయండి. మోహనం పాట పల్లవిలో నాలుగు ఆవర్తనాలు (తాళం నాలుగు చుట్లు) తీసుకోండి. ఎడమచేత్తో మొదట స, ప మాత్రమే, ఆవర్తనానికి ఒకసారి చొప్పున. కుదిరాక ద, గ కలపండి. గొంతు ఒక స్వరం మీద నిలిచినప్పుడు ఎడమచెయ్యి కదలాలి, గొంతు పరిగెత్తేటప్పుడు నిలవాలి. రెండూ ఎప్పుడూ పంచమం దూరంలో కలిసి నడిస్తే రెండో వరుస వినబడదు, మొదటిదానికి నీడ అయిపోతుంది. రెండూ షడ్జం మీద కలవడం చివరికి దాచుకోండి. గాయకుడు గమకంతో ఊపే స్వరాన్ని, కల్యాణిలో గాంధారం, నిషాదం లాంటివాటిని, కీబోర్డులో నొక్కి పట్టొద్దు. మెట్టు ఊగదు కాబట్టి శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. నింద మాత్రం గాయకుడి మీద పడుతుంది.

ప్రశ్న: 'మరి మరి నిన్నే' కాంభోజి కదా, 'సింధుభైరవి'లో సారమతి ఎందుకైంది? (విజయనగరం)

జవాబు: త్యాగరాజస్వామి కృతి కాంభోజే, అందులో తగవు లేదు. 'సింధుభైరవి' ఇళయరాజా సంగీతమిచ్చిన తమిళ సినిమా. సినిమాలో కథానాయిక 'పాడరియేన్' అంటూ పల్లెపదం ఎత్తుకుని, అదే ఊపులో కీర్తనలోకి వెళ్లాలి. ఆ పదం సాధారణ గాంధారంతో (కింది 'గ') నడుస్తుంది. కాంభోజిది అంతర గాంధారం (పై 'గ'). గాంధారం మారితే అతుకు కనబడిపోతుంది, 'జానపదం, కీర్తన రెండూ ఒక్కటే' అన్న ఆమె వాదనే నిలవదు. సారమతిలో ఆ ఇబ్బంది లేదు. నఠభైరవి జన్యం (దాని నుంచి పుట్టిన రాగం), ఆరోహణ స రి గ మ ప ద ని స, అవరోహణ స ని ద మ గ స. సినిమాకి అది సరైన నిర్ణయం. కచేరీలో మాత్రం కాంభోజిలోనే పాడండి. త్యాగయ్య సారమతి కావాలంటే 'మోక్షము గలదా' ఉండనే ఉంది.

ప్రశ్న: తెలుగు సినిమాకి ఆయనకు జాతీయ అవార్డు వచ్చిందా? (సూర్యాపేట)

జవాబు: రెండుసార్లు. 'సాగర సంగమం' (1983), 'రుద్రవీణ' (1988).

ప్రశ్న: అంత నేపథ్య సంగీతం రాసినవారికి సింఫనీ పెద్ద లెక్కా? (డాలస్)

జవాబు: లెక్కే. రీరికార్డింగ్‌లో (సీనుకి నేపథ్య సంగీతం చేర్చడం) కాలం దర్శకుడిది. 40 సెకన్ల సీనుకి నిమిషానికి 90 బీట్ల వేగమైతే 60 బీట్లు, నాలుగేసి చొప్పున కడితే 15 బార్లు (బీట్ల గుంపులు). ఎడిటింగ్‌లో సీను 42 సెకన్లయితే 63 బీట్లు కావాలి. మిగిలిన మూడింటికి ఒక మూడు బీట్ల బారు రాస్తారు, లేదా వేగం 86 దగ్గరికి దించుతారు. పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసే సింఫనీలో ఆ కొలత లేదు, ఆసరా కూడా లేదు. చిన్న స్వరఖండాన్ని పట్టుకుని, బొమ్మ సాయం లేకుండా నిమిషాల తరబడి పెంచాలి.

ఆయన మొదటి ప్రయత్నాన్ని 1993లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా రికార్డు చేసినా అది విడుదల కాలేదు. తర్వాత రాసిన 'వాలియంట్' నాలుగు భాగాల సింఫనీ. 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా వాయించింది. నేరుగా దానితో మొదలుపెట్టకండి. త్యాగరాజుకీ, జర్మన్ స్వరకర్త బాఖ్‌కీ అంకితమిచ్చిన ఆయన ఆల్బమ్ 'హౌ టు నేమ్ ఇట్' (1986) ముందు వినండి. అందులో 'ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్' కంటే ముందు, బాఖ్ ఒంటరి వయొలిన్‌కి రాసిన ఇ మేజర్ పార్టిటాలోని మొదటి భాగం ప్రెల్యూడ్‌ను విడిగా రెండుసార్లు వింటే, ఏది ఎవరి వరుసో తేలిగ్గా పట్టుకోవచ్చు. తర్వాత బుడాపెస్ట్ ఆర్కెస్ట్రాతో చేసిన 'తిరువాసకం' (2005). ఫోను స్పీకరులో బేస్ వినబడదు, హెడ్‌ఫోన్ పెట్టుకోండి.