నెల తిరక్కుండానే డబ్బు అయిపోతుంటే ముందు ఏది కట్టాలి?

జీతం వచ్చిన ఇరవయ్యో రోజుకే చేతిలో ఏమీ మిగలడం లేదు, బిల్లులూ అప్పులూ ఒకేసారి మీద పడుతున్నాయి, దేన్ని ముందు కట్టాలి అని అడిగారు.

ఎవరు గట్టిగా అడుగుతున్నారని కాదు, కట్టకపోతే ఏం పోతుందని చూడండి. ఇంటి అద్దె, తిండి, మందులు, కరెంటు, పనికి వెళ్లిరావడానికయ్యే ఖర్చు ముందు. ఇల్లో బండో తాకట్టులో ఉంటే ఆ వాయిదా తర్వాత. రోజుకు పదిసార్లు ఫోన్ చేసేవాళ్ల బాకీ చాలాసార్లు ఈ వరుసలో చివరికే వస్తుంది.

క్రెడిట్ కార్డు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. బిల్లు మీద ఇంతైనా కట్టాలని చూపే కనీస మొత్తం (మినిమమ్ డ్యూ) కట్టేస్తే గండం గడిచినట్టే అనిపిస్తుంది. బాకీ 10,000, వడ్డీ నెలకు 3 శాతం, మీరు కట్టింది 500 అనుకోండి. అందులో 300 వడ్డీకే పోయింది, అసలు తగ్గింది 200. పైగా పాత బాకీ ఉన్నంతకాలం చాలా కార్డుల్లో కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. అందుకని బాకీ తీరేదాకా కార్డు బీరువాలో పెట్టేయండి.

వాయిదా తప్పేలా ఉంటే గడువుకు ముందే అప్పిచ్చినవాళ్లకు చెప్పండి. సిగ్గుపడి ఫోన్ ఎత్తకుండా కూర్చోవడం నేనూ చేశాను, ఆలస్య రుసుము పెరగడం తప్ప ఒరిగిందేమీ లేదు. గడువు పొడిగిస్తామంటే ఆ మాట రాతలో తీసుకోండి, ఆ పొడిగించిన రోజులకు వడ్డీ పడుతుందా లేదా అనీ అడగండి.

ఇక ఖర్చుల సంగతి. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని, మనం మరిచిపోయినా ఖాతాలోంచి తమంతట తాము కట్ అయిపోతున్న చందాలు (సబ్‌స్క్రిప్షన్లు) వెతకండి.