గ్రీసు వెళ్లండి, ఎఫ్‌డీని మాత్రం ముట్టుకోకండి

ప్రశ్న: మేము హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. నేను ఐటీ ఉద్యోగిని, నెలకు చేతికి 95 వేలు వస్తుంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 27 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 41 వేలు. ఏడేళ్ల పాప ఫీజు, ఇంటి ఖర్చు, ఖమ్మంలో అమ్మానాన్నలకు పంపేది కలిపి ఇంకో 52 వేలు. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్ 10 వేలు. ఎఫ్‌డీ 2.6 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 90 వేలు ఉన్నాయి. ఏటా 1.2 లక్షల బోనస్ వస్తుంది. పెళ్లయి పదేళ్లవుతోందని వేసవి సెలవుల్లో ముగ్గురం గ్రీసు వెళ్దామనుకుంటున్నాం. ఏథెన్స్, శాంటోరినీ దీవి కలిపి ఎనిమిది రాత్రుల ప్యాకేజీ, విమానంతో 6.5 లక్షలు. 2 లక్షలు ఎఫ్‌డీ నుంచి తీసి, మిగతా 4.5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామని ఉంది (14 శాతం, మూడేళ్లు). టికెట్ ఆఫర్ నాలుగు రోజుల్లో అయిపోతుంది, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. వీసాకు బ్యాలెన్స్ కనపడాలి కాబట్టి లోన్ ముందే తీసి ఖాతాలో ఉంచమని ఏజెంట్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: టికెట్ ఇప్పుడు కొనకండి. లోన్ అసలే వద్దు.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. జీతం 40 వేలైనా రెండు లక్షలైనా, నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే. ఖాతాలో కనపడే డబ్బంతా ఖర్చు పెట్టుకోగలిగిన డబ్బే అనుకుంటారు. మీ దగ్గరున్న 3.5 లక్షలు ప్రయాణం డబ్బు కాదు. ఉద్యోగం పోతే ఇల్లు గడవడానికి ఉంచుకున్న డబ్బు. అది కూడా చాలినంత లేదు. ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు 93 వేలు. ఆరు నెలలకు 5.58 లక్షలు కావాలి. అంటే ఇప్పటికే 2 లక్షల పైన తక్కువలో ఉన్నారు. అందులోంచి ఇంకో 2 లక్షలు తీస్తానంటున్నారు!

లోన్ కూడా కలిపి చూడండి. నెలకు దాదాపు 15,380 కిస్తీ, 36 నెలలు. వడ్డీయే లక్ష దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఇప్పుడు మీకు సిప్ పోను నెలకు 19 వేలు మిగులుతోంది, తర్వాత మిగిలేది 3,600. మీరు గ్రీసు నుంచి తిరిగొచ్చాక మీ కంపెనీ లేఆఫ్ అంటే ఏమవుతుంది? 2023లో ఈ ఊళ్లోనే ఎంతమంది ఇళ్లలో ఆ టెన్షన్ చూశామో మీకు నేను చెప్పక్కర్లేదు. సిప్ ఆపేసినా నెలకు 1.08 లక్షలు కట్టాలి, వచ్చేది మీ శ్రీమతి జీతం 27 వేలు. చేతిలో మిగిలిన లక్షన్నర రెండు నెలలు కూడా రాదు. ఆ పరిస్థితిలో మొదట ఆగేది ఇంటి ఈఎంఐ. ఎనిమిది రోజుల సరదా కోసం ఇంటిని ఇంత ప్రమాదంలోకి ఎందుకు నెట్టుకోవాలి? బంగారం లోన్, క్రెడిట్ కార్డు ఈఎంఐ, 'ఇప్పుడు వెళ్లండి, తర్వాత కట్టండి' స్కీములు అన్నిటికీ నా జవాబు ఇదే.

ఏజెంట్ మాట చదివి నిజంగా కోపం వచ్చింది. గ్రీసుకు షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా) కావాలి. వీసా అధికారులు చూసేది ఒక్కరోజు బ్యాలెన్స్ కాదు, కొన్ని నెలల స్టేట్‌మెంట్. నెలనెలా జీతం పడుతోందా, డబ్బు నిలకడగా ఉందా అని చూస్తారు. ఉన్నట్టుండి 4.5 లక్షలు వచ్చి పడితే అనుమానం వస్తుంది. వీసా రాకపోతే ఫీజు తిరిగి రాదు. పెద్దలకు 90 యూరోలు, పాపకు 45, మొత్తం 225 యూరోలు పోతాయి. దానితోపాటు రద్దు కాని ఆ టికెట్లూ పోతాయి. లోన్ కిస్తీ మాత్రం ఆగదు. దరఖాస్తుకు విమాన రిజర్వేషన్ చాలు, డబ్బంతా కట్టేసిన టికెట్ అక్కర్లేదు. ఆరు నెలలుగా కదలకుండా ఉన్న అత్యవసర నిధి మీ ఖాతాలో ఉంటే, వీసాకు చూపించడానికీ అదే పనికొస్తుంది. చూపించాక కూడా ఒక్క రూపాయి తగ్గదు.

ఇంకో విషయం. షెంగెన్ వీసాకు ఒక్కొక్కరికీ కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. మన డబ్బులో పాతిక లక్షల పైనే. ఆ ఎనిమిది రోజులకు అంత కవర్ మారుమాట్లాడకుండా తీసుకుంటారు. మిగతా రోజులకు మీ ఇంట్లో ఏముంది? మీ ఉత్తరంలో బీమా మాటే లేదు. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ ఒక్కటే ఉంటే అది ఉద్యోగంతోపాటే పోతుంది. ముందు మీ ముగ్గురికీ ఒక సొంత ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా), మీ పేరిట టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా), వీలైతే అమ్మానాన్నలకు వేరే పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. ప్రీమియం వల్ల ప్రయాణం కొన్ని నెలలు వెనక్కి జరిగితే జరగనివ్వండి.

ఇక గ్రీసు. మిగిలే 19 వేలు జీతం పడ్డ రోజే ఆర్‌డీకి (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) పంపితే 11 నెలల్లో ఆ 5.58 లక్షల అత్యవసర నిధి నిండుతుంది. తర్వాతి 11 నెలల పొదుపు 2.09 లక్షలు, ఈలోగా వచ్చే రెండు బోనస్‌లు కలిపితే 4.5 లక్షలకు దగ్గరవుతుంది. ఆ బడ్జెట్‌లో, ఆ తర్వాత వచ్చే దసరా సెలవులకు పెట్టుకోండి. అప్పటికి అక్కడ జులై, ఆగస్టు రద్దీ తగ్గుతుంది, హోటళ్లు చవకవుతాయి. నడి వేసవిలో ఎండ మరీ ఎక్కువైతే మధ్యాహ్నం ఏథెన్స్‌లో అందరూ చూసే పురాతన కొండకోట అక్రోపోలిస్‌నే మూసేస్తారు. 30 యూరోల టికెట్ కొని గేటు బయట నిలబడటమెందుకు? దోహా, దుబాయ్, అబుధాబీ మీదుగా వెళ్లే విమానాల ధరలు రెండు మూడు నెలల ముందు నుంచే చూస్తూ ఉండండి. శాంటోరినీలో రెండు రాత్రులు చాలు, ఏథెన్స్ పక్కనున్న పైరియస్ రేవు నుంచి ఫెర్రీలో వెళ్లొచ్చు. ఏథెన్స్‌లో ఉండి బస్సులో డెల్ఫీ పురాతన శిథిలాలు చూసి రావచ్చు. ప్యాకేజీ తీసుకుంటే కట్టే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీలో ఖర్చు పెడితే బ్యాంకు అదనంగా వేసే చార్జీ) లేని కార్డు తీసుకెళ్లండి.

పదో పెళ్లిరోజు దాటిపోతుందన్న బాధ నాకు అర్థమవుతుంది. ఈసారికి ఆర్‌డీ మొదలుపెట్టే ముందు ఒక నెల మిగులులోంచే అరకు వెళ్లి రండి, పాపకు రైలు సొరంగాలు బాగా నచ్చుతాయి.

ఆఫర్ అయిపోయేలోపు మీరు చేయాల్సింది, ఏజెంట్‌కు వద్దని చెప్పడం. అమ్మానాన్నల వయసు, షుగర్, బీపీ లాంటివి ఎప్పటి నుంచి ఉన్నాయో రాయండి, వాళ్లకు ఎలాంటి పాలసీ కుదురుతుందో విడిగా చెబుతాను.