ప్లాస్టరింగ్‌కు ముందే పైపు వేయించు బిడ్డా

బిడ్డా,

దసరాకు గృహప్రవేశం పెట్టుకున్నారని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమైంది. పై గదిలో ప్రొజెక్టర్ పెట్టుకుంటున్నారట, కంప్యూటర్ నుంచి దానికి ఏ వైరు వేయాలో పెద్దబాపును అడగమన్నావట. ఇలాంటివి ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు.

బొమ్మ, సౌండ్ రెండూ ఒకే వైరులో పోయే హెచ్‌డీఎంఐ వేయించు. కంప్యూటర్ నుంచి ప్రొజెక్టర్ దాకా ఒకటే వైరు, నడుమ కన్వర్టర్లు, అతుకులు వద్దు. మీ కంప్యూటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో రకం సాకెట్ మాత్రమే ఉంటే దాని దగ్గరే చిన్న అడాప్టర్ పెట్టి హెచ్‌డీఎంఐగా మార్చుకోవచ్చు. కంప్యూటర్‌లో పాత గ్రాఫిక్స్ కార్డు ఉండి, దానికి డీవీఐ సాకెట్ ఉన్నా ఫర్వాలేదు, బొమ్మ అంతే బాగా వస్తుంది. కానీ మామూలుగా దాంట్లో సౌండ్ రాదు. పాత టీవీలకు పెట్టే పసుపు పిన్ను వైరు మాత్రం వద్దే వద్దు.

మీ ఎలక్ట్రీషియన్ వీజీఏ చాలంటున్నాడని విన్నాను. అతను పాత అలవాటు కొద్దీ చెబుతున్నాడు. వీజీఏ 1987లో, డబ్బా మానిటర్ల కాలంలో వచ్చింది. కంప్యూటర్ లోపల బొమ్మ అంకెల్లో ఉంటుంది. వీజీఏ ఆ అంకెలను కరెంటు హెచ్చుతగ్గులుగా మార్చి పంపుతుంది, ప్రొజెక్టర్ వాటిని మళ్లీ కొలిచి అంకెలు చేసుకుంటుంది. రెండుసార్లు మార్చితే ఎంతో కొంత పోకుండా ఉండదు. వైరు పొడవైతే నల్ల అక్షరం పక్కన బూడిదరంగు నీడ పడుతుంది. హెచ్‌డీఎంఐలో ఈ మార్పిడి లేదు, అంకెలు అంకెలుగానే పోతాయి.

ఇరవై ఏళ్లకు పైగా హన్మకొండ, కాజీపేట ఫంక్షన్ హాళ్లలో ప్రొజెక్టర్లు బిగించినవాణ్ణి, నా ఇంట్లో నేనే తప్పు చేశాను. వీజీఏ వైరును ఫ్యాను కరెంటు వైరుతో పాటు ఒకే పైపులో పంపించాను. తెర మీద తెల్లటి పట్టీలు ఒకదాని వెనక ఒకటి కింది నుంచి పైకి పాకేవి. బతుకమ్మ నాడు చుట్టాలంతా కూర్చుని పెళ్లి వీడియో చూస్తుంటే పెళ్లికూతురి ముఖం మీద అవే పట్టీలు. కంప్యూటర్‌నూ ప్రొజెక్టర్‌నూ ఒకే బోర్డుకు తగిలిస్తే కొంత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. తర్వాత హెచ్‌డీఎంఐ వేద్దామని చూస్తే, దాని మూతి ఆ ముప్పావు ఇంచు పైపులో దూరలేదు. చక్కగా సున్నం వేసుకున్న గోడను మళ్లీ పగలగొట్టించాల్సి వచ్చింది. ఆ దుమ్ము, ఆ ఖర్చు మీకు వద్దు.

అందుకే పైపు గురించి గట్టిగా చెబుతున్నాను. కంప్యూటర్ నాలుగైదేళ్లకు మారుతుంది, ప్రొజెక్టర్ మారుతుంది, వైరు కూడా మారుతుంది. గోడలో ఉన్న పైపు మాత్రం మారదు. హెచ్‌డీఎంఐ మూతి ప్లాస్టిక్ తొడుగుతో కలిపి దాదాపు రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కాబట్టి 32 మిల్లీమీటర్ల పైపు తెప్పించు. మలుపుల దగ్గర ఎల్బో పెట్టనివ్వద్దు, మూతి అక్కడే ఇరుక్కుంటుంది. మెల్లగా తిరిగే పొడుగు బెండ్ పెట్టమను. కరెంటు వైర్లకు వేరే పైపు, దీనికి జానెడు ఎడంగా. పైపులో ఒక జీఐ ఇనుప తీగ వేసి వదిలేయమను, రేపు ఏ వైరు లాగాలన్నా అదే ఆధారం. లాగేటప్పుడు తీగను మూతికి కట్టకూడదు. వెనక వైరు ఒంటికి కట్టి, మూతికి టేపు చుట్టాలి.

వైరు కొనేముందు పొడవు కొలవాలి. సుతిలి తాడు తీసుకుని కంప్యూటర్ పెట్టే అల్మారా నుంచి గోడ వెంట పైకి, స్లాబు వెంట ప్రొజెక్టర్ దాకా పట్టి చూడండి. ఆ పైన మీటరు కలుపుకోండి. 1080పీ, అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కల ప్రొజెక్టర్ అయితే పది మీటర్ల దాకా మంచి రాగి వైరు సరిపోతుంది. దానికి నాలుగింతల చుక్కలుండే 4కే కొంటే ఐదు మీటర్లు దాటాక రాగి వైరును నేను నమ్మను. సెకనుకు 60 ఫ్రేముల 4కేకు సెకనుకు 18 గిగాబిట్లు పోయే దారి కావాలి, దూరం పెరిగితే రాగి వైరు అంత మోయలేదు. అప్పుడు సన్నటి పోగుల్లో వెలుతురుగా పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి ఒక చివర సోర్స్ అని, ఇంకో చివర డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. సోర్స్ కంప్యూటర్ వైపు ఉండాలి. తిరగేసి గోడలోకి పంపితే బొమ్మ రాదు. దాన్ని మడత పడేలా వంచినా పాడవుతుంది.

బంగారు పూత వైరని వేలకు వేలు అడుగుతారు. ఇవ్వకండి. అంకెలన్నీ సరిగా చేరితే చవక వైరులోనూ బొమ్మ అదే. చేరకపోతే తెర మీద మిణుగురుల్లా చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మ ఉన్నట్టుండి పోయి మళ్లీ వస్తుంది. అందుకే వైరును పైపులోకి పంపేముందు నేల మీద పరిచి, ప్రొజెక్టర్‌కు తగిలించి, ఒక సినిమా పూర్తిగా చూడండి.

ప్రొజెక్టర్ కొనేటప్పుడు అట్టపెట్టె మీద నేటివ్ రిజల్యూషన్, అంటే చిప్‌లో నిజంగా ఉన్న చుక్కల లెక్క, ఎంతో చదవమను అల్లుణ్ణి. 1080పీ సపోర్ట్ అని పెద్దక్షరాలతో వేసి, లోపల 1280 బై 720 చిప్ పెట్టినవి చాలా అమ్ముతున్నారు. నేటివ్ ఎంత ఉంటే కంప్యూటర్‌లో అంతే పెట్టాలి. బొమ్మ అంచులు కోసే ఓవర్‌స్కాన్ ఆపేయాలి, లేకపోతే టాస్క్‌బార్ సగం తెగిపోతుంది. వంకర బొమ్మను సరిచేసే కీస్టోన్ సెట్టింగు సున్నా మీద ఉంచి, ప్రొజెక్టర్‌నే జరిపి బొమ్మను దీర్ఘచతురస్రంగా తెచ్చుకోవాలి. కీస్టోన్ వాడితే చిప్ బొమ్మను నొక్కి సాగదీస్తుంది. అప్పుడు ఎంత మంచి వైరు వేసినా అక్షరం మసకే.

రంగుల దగ్గర చాలామంది ఆగిపోతారు. నలుపు బూడిదలా కనిపించినా, చీకటి సీన్‌లో జుట్టు, చొక్కా కలిసి ఒకే ముద్దగా కనిపించినా వైరును తిట్టకండి. వీడియోలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది. కంప్యూటర్ లెక్క 0 నుంచి 255. కంప్యూటర్, ప్రొజెక్టర్ సెట్టింగుల్లో ఒకచోట ఫుల్ (0 నుంచి 255), ఇంకోచోట లిమిటెడ్ (16 నుంచి 235) అని ఉంటే ఈ తేడా వస్తుంది. రెండు చోట్లా ఒకటే పెట్టండి.

సినిమాలు సెకనుకు 24 ఫ్రేములవి, కాబట్టి వాటికి రిఫ్రెష్ రేటు, అంటే తెర మీద సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు పడాలో ఆ లెక్క, 24 పెట్టండి. 60 మీద ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు పడి, కెమెరా పక్కకు తిరిగినప్పుడు బొమ్మ కుదుపుగా పోతుంది. మన దగ్గర పెళ్లి వీడియోలు ఎక్కువగా 25 ఫ్రేములవి, వాటికి 50 నప్పుతుంది.

సౌండ్ ప్రొజెక్టర్ దాకా పోనక్కర్లేదు. స్పీకర్లు తెర దగ్గరే కదా ఉండేది, కంప్యూటర్ నుంచి నేరుగా వాటికే ఇవ్వండి.

ఆదివారం పొద్దున హన్మకొండలో కరీంనగర్ బస్సెక్కి వస్తున్నాను. కొలవడానికి తాడు నేనే తెస్తాను. నేను వచ్చేదాకా ఆ గోడ ఒక్కటి ప్లాస్టరింగ్ ఆపమని మేస్త్రీకి చెప్పు.

మీ పెద్దబాపు