అడవిలో పారే వాగు నీళ్లు నేరుగా తాగొచ్చా?

అడవిలో నీళ్లు అయిపోతే ఎక్కడ వెతకాలి, పారే నీళ్లయితే కాచకుండా తాగొచ్చా అని అడిగారు. రెండోదానికి ముందు చెప్తాను: తాగకండి. నేను తాగి నెలన్నర బాధపడ్డాను.

నలుగురం ట్రెక్కింగ్‌కి వెళ్లాం. రెండో రోజు మధ్యాహ్నానికి సీసాలు ఖాళీ. పల్లానికి దిగుతూ పోతే ఎండిన వాగు తగిలింది. వాగు మలుపు తిరిగే చోట, బయటి ఒడ్డు కింద ఇసుక తడిగా కనిపిస్తే చెలమ తవ్వాం. మోచేతి లోతులో బురద నీరు ఊరింది. గిన్నెడు నీళ్లకు గంట పట్టింది. ఇంకాస్త కిందికి వెళ్తే రాళ్ల మధ్య సన్నగా పారుతున్న నీళ్లు, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. ఎగువకు కొంత దూరం నడిచి చూశాం. కళేబరం లేదు, పేడ లేదు. ముగ్గురం దోసిళ్లతో కడుపునిండా తాగేశాం. నాలుగోవాడు మాత్రం ఎంత చెప్పినా వినకుండా ఆ చెలమ నీళ్లనే తేరనిచ్చి, గుడ్డలో వడగట్టి, స్టవ్ మీద కాచుకుని తాగాడు.

పది రోజుల తర్వాత నాకు కుళ్లిన గుడ్డు వాసనతో తేన్పులు, కడుపుబ్బరం, విరేచనాలు మొదలయ్యాయి. ముందు బయటి తిండి వల్ల అన్నారు. మలపరీక్షలో తేలింది, జియార్డియా అని, నీళ్లతో పేగుల్లోకి చేరే కంటికి కనిపించని క్రిమి. తాగిన ముగ్గురిలో ఇద్దరం పడ్డాం. బురద నీళ్లు కాచుకున్నవాడికి ఏమీ కాలేదు. ఈ జబ్బు వారం రెండు వారాలు ఆగి బయటపడుతుంది కాబట్టే చాలామంది ఆ నీళ్లను అనుమానించరు. "మేం ఎన్నోసార్లు తాగాం, ఏం కాలేదు" అంటారు.

నాకు కోపం తెప్పించేవి ఆ వీడియోలు. సీసాలో ఇసుక, బొగ్గు, గులకరాళ్లు పొరలుగా వేసి, కింద తేట నీళ్లు పట్టి తాగేస్తారు. దానివల్ల మట్టి పోతుంది, క్రిములు పోవు. క్లోరిన్ బిళ్లలు మంచివే, కానీ అరగంట ఆగాలి, చల్లటి నీళ్లలో ఇంకా ఎక్కువసేపు. క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి వాటికి లొంగదు. 0.2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రంధ్రాలుండే ఫిల్టర్ బ్యాక్టీరియాను ఆపుతుంది, వైరస్‌లను ఆపదు. సన్నటి గొట్టాలుండే ఫిల్టర్ తడిగా ఉండి ఒక్కసారి గడ్డకట్టిందా, లోపల చిట్లిపోతుంది, పైకి తెలియదు.

అందుకే నా ఓటు కాచడానికే. ఇరవై నిమిషాలు కాచి ఇంధనం తగలెయ్యక్కర్లేదు. కళపెళ మరగడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు. 2000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు. గనుల నుంచి, పురుగుమందులు చల్లిన పొలాల నుంచి వచ్చే నీళ్లను మాత్రం వదిలేయండి, కాచినా విషం పోదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. కాచే దారే లేక, దాహంతో కళ్లు తిరుగుతుంటే దొరికిన వాగు నీళ్లు తాగాల్సిందే. జియార్డియాకు తర్వాత మందుంది, ఒంట్లో నీరు ఇంకిపోతే అంత సమయం ఉండదు. కానీ అంతదాకా రానివ్వకుండా బ్యాగులో ఒక చిన్న గిన్నె, అగ్గిపెట్టె పెట్టుకోండి. రాత్రి కాచి మూత పెట్టుకుంటే తెల్లారేసరికి చల్లారతాయి. చప్పగా అనిపిస్తే రెండు శుభ్రమైన సీసాల మధ్య నాలుగైదుసార్లు తిరగబోయండి, మామూలు రుచి వస్తుంది.