కారు మీది, కేసు మామయ్యది

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మాకు 2009 మోడల్ టాటా ఇండిగో మెరీనా ఉంది. డిక్కీ పెద్దది, అమ్మా పిల్లలూ సామానూ అందరూ పడతారని పాతపట్నంలో ఉండే మా మామయ్య దగ్గర కొన్నాం. ఆయన 2024లో ఆర్సీ ఐదేళ్లకు రెన్యువల్ చేయించాకే మాకు ఇచ్చాడు. బండి ఇంకా ఆయన పేరు మీదే, ఆంధ్రా నంబరుతోనే ఉంది. ఇన్సూరెన్సు కూడా ఆయన పేరు మీదే కడుతున్నాం. ఇప్పుడు వెనక స్ప్రింగులు కూర్చుండిపోయాయి. ఎలాగూ మార్చాలి కాబట్టి బండిని కిందికి దించే లోయరింగ్ స్ప్రింగులు వేయిస్తే బండి చూడ్డానికి బాగుంటుంది, మలుపుల్లో ఊగదు అనిపించింది. విశాఖలో ఒక షాపువాళ్లు విదేశీ కిట్టు తెప్పిస్తామన్నారు. బరంపురంలో ఒక మెకానిక్ ఉన్న స్ప్రింగుల్నే ఒక చుట్టు కోసి ఇస్తానన్నాడు. మా బావేమో బండి సీజ్ చేస్తారు, జైల్లో పెడతారు అని భయపెడుతున్నాడు. ఇది నిజంగా నేరమా? రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వస్తుందా? ఎలాంటి స్ప్రింగులు ఎంచుకోమంటారు?

జవాబు: మీరు అడిగింది స్ప్రింగుల గురించి. నా కన్ను మాత్రం మీరు మామూలుగా రాసేసిన వాక్యం దగ్గరే ఆగిపోయింది: బండి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ బావగారి భయం చూద్దాం.

మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 అని ఒకటుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు అన్నది దాని సారాంశం. మార్పు అంటే ఏమిటో కూడా అందులోనే చెప్పారు. బండి నిర్మాణంలో మార్పు చేయడం వల్ల దాని మౌలిక లక్షణమే మారిపోతే, అదీ మార్పు. ఇప్పుడు మీ ఆర్సీ ఒకసారి తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సిలిండర్లు, వీల్‌బేస్, సీట్లు, ఖాళీ బండి బరువు, రంగు, ఇంధనం కనిపిస్తాయి. స్ప్రింగు పొడవు ఎంత, బండి అడుగు నేలకు ఎంత ఎత్తులో ఉంది అనే గడులు అందులో లేవు. కాబట్టి స్ప్రింగు మార్చినంత మాత్రాన సెక్షన్ 52 తగలదని వాదించడానికి చోటుంది. మీ తరఫున కోర్టులో నిలబడితే నేను వాదించేది అదే.

కానీ వాదించడానికి చోటుండటం వేరు, గెలుపు చేతిలో ఉండటం వేరు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలను మార్చేలా బండిని సవరించడానికి వీల్లేదని గట్టిగానే చెప్పింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ల నోట ఎక్కువగా వినిపించే తీర్పు అదే. అదే ఏడాది చట్టాన్ని సవరించి సెక్షన్ 182ఏ తెచ్చారు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నాలుగు స్ప్రింగులు మారిస్తే ఒక మార్పా, నాలుగు మార్పులా అని ఒక జూనియర్ నన్ను అడిగాడు. నవ్వొచ్చింది గానీ చలానా రాసేవాడికి ఆ ఆలోచన వస్తే నవ్వురాదు.

సీజ్ చేయడం సంగతి. స్ప్రింగులు మార్చారని రోడ్డు మీద ఆపి బండిని నేరుగా పట్టుకుపోయే అధికారం సెక్షన్ 207లో లేదు. ఆ సెక్షన్ రిజిస్ట్రేషన్, లైసెన్సు, పర్మిట్ లేని బండ్ల కోసం. కాకపోతే చుట్టుదారి ఒకటుంది. బండి రోడ్డు మీద తిరగడం ప్రమాదమని రిజిస్టరింగ్ అధికారికి అనిపిస్తే, మీ మాట వినే అవకాశం ఇచ్చి, సెక్షన్ 53 కింద ఆర్సీని సస్పెండ్ చేయవచ్చు. సస్పెండ్ అయిన ఆర్సీతో బండి తీస్తే అది రిజిస్ట్రేషన్ లేని బండితో సమానం. అప్పుడు 207 వచ్చి కూర్చుంటుంది. మీ బావగారు చివరి మెట్టు చెప్పి మధ్య మెట్లు వదిలేశారు, అంతే.

కోసిన స్ప్రింగుల గురించి మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. వద్దు. అలాంటి బండినొకదాన్ని షెడ్డులో జాకీ మీద లేపగా చూశాను. చక్రం కిందికి వేలాడగానే స్ప్రింగు తన గూట్లోంచి వదులై చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది. గ్యాస్ మంటతో కోసిన చివర రంగు మారి నీలంగా ఉంది. స్ప్రింగు ఉక్కుకు ఫ్యాక్టరీలో ఇచ్చిన గట్టిదనం ఆ మంటకు పోతుంది. పైగా చివరి చుట్టు గూట్లో చక్కగా కూర్చోవడం కోసం ఒక ఆకారంలో ఉంటుంది. కోసేస్తే ఆ ఆకారమే ఉండదు. ఘాట్ రోడ్డులో గుంతలో చక్రం దిగి మళ్లీ పైకి వచ్చేటప్పుడు ఆ స్ప్రింగు ఎక్కడ కూర్చుంటుందో దానికే తెలియదు. ఇక్కడ సెక్షన్ 52 వాదన మీకు అక్కరకు రాదు, ఎందుకంటే పట్టుకునేది సెక్షన్ 190. ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండీ బండి నడిపితే 1,500 జరిమానా. ఆ లోపం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే మూడు నెలల వరకు జైలు లేదా 5,000. ఆర్సీలో ఏ గడి ఉంది, ఏది లేదు అన్న చర్చే రాదు. ఇంకోటి, కోశాక విరిగితే అమ్మినవాళ్ల మీద వెళ్లడానికి లేదు. వస్తువును మార్చి వాడినప్పుడు జరిగిన నష్టానికి అమ్మినవారి మీద ప్రాడక్ట్ లయబిలిటీ దావా (వస్తువు వల్ల కలిగిన నష్టానికి పరిహారం కోరే దావా) నిలవదని వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 87 చెబుతోంది.

ఇప్పుడు విశాఖ కిట్టు. జర్మనీలో ఇలాంటి స్ప్రింగులతో పాటు ఒక పరీక్ష పత్రం ఇస్తారు. ఏ కారుకు, ఏ మోడల్‌కు, ముందు ఇరుసు మీద ఎంత బరువు వరకు, వెనక ఎంత వరకు అని అందులో ఉంటుంది. అక్కడ బిగించాక బండిని తనిఖీకి తీసుకెళ్లి చూపించాలి. ఆ పత్రం మన దగ్గర అనుమతి కాదు. షాపువాళ్లు "సర్టిఫికెట్ ఉంది సార్" అంటే దాని విలువ అంతవరకే. అయినా అది చూపించమనండి, ఎందుకంటే అందులో మీ బండి పేరు ఉందో లేదో తెలుస్తుంది. మీ మెరీనా లాంటి ఎస్టేట్ కారుకు (వెనక పొడుగు డిక్కీ ఉన్న కారుకు) వెనక స్ప్రింగు సెడాన్‌ది సరిపోతుందని చెప్పి అంటగట్టడం మామూలే. మీ మెరీనా డిక్కీ వరకు నిండాలని తయారైన బండి. వెనక సీట్లో అమ్మగారు, పిల్లలు, డిక్కీలో అరసవల్లి ప్రయాణం సామాను పెట్టాక వెనక భాగం ఎంత దిగుతుందో మీకు తెలుసు. అసలే 35 మిల్లీమీటర్లు తగ్గించిన స్ప్రింగు ఆ బరువుకు ఇంకో 40 దిగితే సస్పెన్షన్ ఇక దిగకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు మీద కూర్చుంటుంది. అప్పటి నుంచి సస్పెన్షన్ పని చేసేది మీ వాళ్ల వెన్నుపూసలే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో నున్నగా ఉండాలి. మన ఊళ్లలో ఇంటి ముందు ఎవరికి వాళ్లు పోసుకున్న సిమెంటు దిమ్మలు ఆ కొలతలకు కట్టుబడి ఉంటాయని మీరేమీ అనుకోరు.

అందుకే నా సలహా లాయరు సలహా కంటే కొంచెం ఎక్కువ, ఇంటాయన సలహా అనుకోండి. మీ బండి పదిహేనేళ్లు దాటింది. కూర్చుండిపోయిన స్ప్రింగుల స్థానంలో కంపెనీ చెప్పిన నంబరువే కొత్త స్ప్రింగులు, కొత్త షాకబ్జర్లు, రబ్బరు బుష్‌లు వేయించి అలైన్‌మెంట్ చేయిస్తే మలుపుల్లో ఊగడం చాలావరకు పోతుంది. ఇది మరమ్మతు. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ సెక్షనూ రాదు. పార్టు నంబరు మెరీనాదే అని బిల్లు మీద రాయించుకోండి. బండి కొంచెం ఎత్తుగా కనిపిస్తుందని పిల్లలు గొణిగితే గొణగనివ్వండి.

అయినా కిందికి దించాల్సిందే అంటారా, మీ మోడల్ పేరు ఉన్న కిట్టు, నాలుగు చక్రాలకూ ఒకే సెట్టు, 25 మిల్లీమీటర్లకు మించని దింపు, దానికి సరిపడే షాకబ్జర్లు చూసుకోండి. బిగించే ముందు టేపు పట్టుకుని ఒక్కో చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు కొలవండి, ఖాళీగా ఒకసారి, అందర్నీ ఎక్కించి ఒకసారి. కాగితం మీద రాసి ఫొటో తీసి పెట్టుకోండి. బిగించాకా అదే చేయండి. హెడ్‌లైట్ల వెలుగు ఎక్కడ పడుతుందో సరిచేయించండి, అలైన్‌మెంట్ రిపోర్టు దాచుకోండి. పాత స్ప్రింగులు పాత ఇనుముకు అమ్మేయకండి. ఎవరైనా అధికారి తీసేయమంటే వెనక్కి బిగించడానికి అవే ఉండాలి.

ఇన్సూరెన్సు గురించి రెండు వేర్వేరు మాటలు. మీ బండి వల్ల రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్లకు ఇచ్చే పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీకి దారులు తక్కువ. సెక్షన్ 150లో చెప్పిన కారణాలే చెప్పాలి, స్ప్రింగులు మార్చారన్నది వాటిలో లేదు. కానీ ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్నది ఉంది. కంపెనీ బాధితుడికి కట్టి ఆ డబ్బు యజమాని దగ్గర రాబట్టుకోవడానికి ప్రయత్నించవచ్చు. మీ సొంత బండి నష్టం సంగతి వేరు. అక్కడ నష్టం అంచనా వేసే సర్వేయరు కారు కిందికి వంగి చూసి "ఇవి కంపెనీవి కావే" అన్నాడంటే సగం కథ అయిపోయినట్టే. పాలసీ షరతు మీరినప్పుడు క్లెయిమును పూర్తిగా కొట్టేయకుండా 75 శాతం దాకా ఇప్పించిన తీర్పులున్నాయి, 2010 నాటి అమలేందు సాహు కేసు అలాంటిదే. కాకపోతే అది కోర్టు మెట్లెక్కాక వచ్చేది. కాబట్టి బిగించిన వారంలోపే కంపెనీకి ఈమెయిల్లో రాయండి, జవాబు తీసుకోండి. ఒప్పుకోకపోతే ఆ సంగతి ప్రమాదానికి ముందే తెలుస్తుంది. క్లెయిము తిరస్కరిస్తే ఇలాంటి ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ మీకు దగ్గర్లో భువనేశ్వర్‌లో ఉన్నారు. ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి నెల ఆగాలి, తిరస్కరించిన ఏడాదిలోపు అక్కడికి వెళ్లాలి.

ఇక అసలు సంగతి. పైన నేను 'యజమాని' అని ఎన్నిసార్లు రాశానో చూడండి. చట్టంలో యజమాని అంటే ఆర్సీలో పేరున్న మనిషి. అంటే మీరు కాదు, పాతపట్నం మామయ్య. మీరు ముచ్చటపడి స్ప్రింగులు వేయిస్తే 182ఏ కింద నోటీసు ఆయన తలుపు తడుతుంది, చలానా మెసేజ్ ఆయన ఫోన్లో మోగుతుంది. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పరిహారం బాధ్యత కూడా ఆయన మీదే పడుతుందని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బండి చేతులు నాలుగు మారినా, ఆర్సీలో పేరు ఎవరిదో వారిదే బాధ్యత. ఇటు మీకూ లాభం లేదు. పాలసీ ఆయన పేరు మీద, బండి మీ చేతిలో. మీ సొంత నష్టానికి కంపెనీ పైసా ఇవ్వకపోయినా కోర్టు వాళ్ల వైపే మాట్లాడవచ్చు, 1996 నుంచి ఈ మాట మీద సుప్రీంకోర్టు తీర్పు ఉంది. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్ర, ఇటు ఒడిశా. మనకు అది రోజూ నడిచే దారే గానీ చట్టానికి రాష్ట్రం దాటడమే. వేరే రాష్ట్రం నంబరు బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంటే సెక్షన్ 47 ప్రకారం కొత్త నంబరు తీసుకోవాలి. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది.

చేయాల్సిన పని చిన్నదేమీ కాదు, అసాధ్యమూ కాదు. మామయ్య చేత శ్రీకాకుళం ఆర్టీఓ దగ్గర ఫారం 28తో ఎన్ఓసీకి (నిరభ్యంతర పత్రానికి) పెట్టించండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింటు తీయాలి, తుప్పు పట్టి ఉంటే కిరసనాయిలు గుడ్డతో ముందే తుడిచి ఉంచుకోండి. యాజమాన్యం మార్పు కోసం ఫారం 29, 30 నింపి సంతకాలు చేయండి. ఎన్ఓసీ వచ్చాక ఇక్కడ గజపతి జిల్లా ఆర్టీఓ ఆఫీసులో ఫారం 27తో కొత్త నంబరుకు దరఖాస్తు, ఒడిశా పన్ను. ఆంధ్రలో కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన భాగం వెనక్కి అడగవచ్చు, కాగితాలు దాచుకోండి. పేరు మారగానే 14 రోజుల్లో ఇన్సూరెన్సు కంపెనీకి రాసి పాలసీ మీ పేరుకు మార్పించుకోండి.

ఆ పనిలో ఒక రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టరు మీ కారు చుట్టూ తిరిగి చూస్తాడు. ఆ రోజుకు దాని కింద కంపెనీ స్ప్రింగులే ఉండాలి. విశాఖ షాపుకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే, ఆర్డరు ఆపమని ఇవాళే ఫోన్ చేయండి.